సొంతంగా సేవ మొదలెట్టాలా, ఉన్న సంస్థకే ఇవ్వాలా?

గట్టుమీద:
చూపు సరిగా ఆనని పిల్లలకు కళ్లజోళ్లు ఇప్పిద్దామని నలుగురం అనుకుంటున్నాం. మాలో డాక్టరు లేరు, సంస్థ నడిపిన అనుభవమూ లేదు. తెలిసినాయన ఒకరు "ఈ పని చేసే సంస్థలు బోలెడున్నాయి, ఆ డబ్బేదో వాళ్లకే పంపండి, మళ్లీ మీదో దుకాణం ఎందుకు?" అని తీసిపారేశారు. మీరేమంటారు?

లెక్కలరాయుడు:
ఆయన మాట కటువే గానీ తప్పు కాదండీ. కళ్లజోడు చేతికిచ్చి ఫొటో దిగితే పని అయిపోదు. పరీక్ష ఎవరు చేస్తారు? ఎదిగే పిల్లలకి నంబరు మారుతూ ఉంటుంది, వచ్చే ఏడు ఎవరు చూస్తారు? ముక్కు మీద నిలవని ఫ్రేమిస్తే వాడు రెండ్రోజులు పెట్టుకుని సంచిలో పడేస్తాడు.

ఉత్సాహమొక్కటే చాలదనడానికి ప్లేపంప్ ఉండనే ఉంది. పిల్లలు రాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయన్నారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! 2006లో అమెరికాలో దీనికి 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. 2010 కల్లా ఆఫ్రికాలో 4,000 పెడతామన్నారు. తీరా చూస్తే చాలాచోట్ల ఆ రాట్నాన్ని నీళ్లకొచ్చిన ఆడవాళ్లే చేత్తో తిప్పుకోవాల్సి వచ్చింది. చెడిపోతే బాగుచేసే దిక్కులేదు.

కొసరు:
రాయుడు గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. కోట్ల డాలర్లు, వేల పంపులు... అది చిన్న పనా? చిన్నగానే ఉండి ఉంటే పదో పంపు దగ్గరే లోపం బయటపడేది.

1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి గురువు, చనిపోవాలనిపించేవాళ్లు ఎవరైనా తనకు ఫోన్ చేయొచ్చని చెప్పారు. వచ్చేవాళ్లు ఎక్కువై, ఆయన కోసం కాచుక్కూర్చోవాల్సి వచ్చేది. సాయానికొచ్చిన మామూలు మనుషులు వాళ్లకి టీ ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పింది వినేవారు. చాలామందికి అదే సరిపోయేది, లోపలికెళ్లి ఆయన్ని కలిసే అవసరమే ఉండేది కాదు. ఇది గమనించి 1954లో ఆ వినే పనంతా వాలంటీర్లకే అప్పగించేశారు. సమారిటన్స్ అనే ఆ సంస్థ నిలబడింది అలాగే.

లెక్కలరాయుడు:
బాగుంది. కానీ వినడానికి చెవులు చాలు, కంటి పరీక్షకి చాలవు.

తోకచుక్క:
మీ వాదన మీరు కానివ్వండి, మధ్యలో ఒక్కమాట. చందాలు ఎవరి సొంత ఖాతాలోకీ రానివ్వకండి. విడిగా ఖాతా తెరిచి, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలేలా చూసుకోండి. జమాఖర్చు నెలనెలా ఇచ్చినవాళ్లందరికీ పంపండి. స్నేహాలు చెడేది ఇక్కడే.

గట్టుమీద:
పరీక్ష, అద్దాలు సంస్థకే వదిలేసి, పిల్లల్ని తీసుకెళ్లి తీసుకురావడం, తర్వాత జోడు పెట్టుకుంటున్నారో లేదో కనుక్కోవడం మేం చూసుకుంటే?

కొసరు:
అసలు మిగిలిపోయే పని అదే. శిబిరం పెట్టినవాళ్లు సాయంత్రానికి సర్దుకుని వెళ్లిపోతారు. కొమ్మ విరిగిన జోడుకి దారం కట్టుకుని తిరిగే పిల్లాణ్ని చూసేది పక్కనున్నవాళ్లే.

లెక్కలరాయుడు:
దీనికి నేనూ సరే. కాకపోతే ఆ మాత్రానికి వేరే పేరు, వేరే బోర్డు ఎందుకు? ఆ సంస్థలోనే వాలంటీర్లుగా చేరొచ్చుగా.

గట్టుమీద:
పేరింకా తేలలేదండీ. లోగో మాత్రం మావాడొకడు అప్పుడే చేయించేశాడు.