తిరుపతిలో మిద్దె మీద కత్తి సాధన: కటానా కొనాలా, కొయ్యకత్తి చాలా?

బైరాగిపట్టెడ_వాసి

అన్నలూ, అక్కలూ, ఇయాయ్‌దో (ఒరలోంచి కత్తి దూసి కోసే జపాన్ విద్య) మీద మనసు పడింది. తిరుపతిలో నేర్పేవాళ్ళు నాకైతే దొరకలేదు. ప్రస్తుతానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన కొయ్యకత్తితో పొద్దున్నే మిద్దె మీద వందల్లో వేట్లు వేస్తా ఉండాను. తెలిసినోళ్ళు నాలుగు ముక్కలు చెప్పండి.

కుడి మోచేయి బయటిపక్క నొప్పి. చెంబు ఎత్తినా లాగతా ఉంది. కొత్తలో అందరికీ ఇంతేనా? ఇంట్లో పుత్తూరు కట్టు వేయించుకో అంటా ఉండారు.

స్టెయిన్‌లెస్ స్టీలు కటానాలు (జపాన్ పొడుగు కత్తులు) ఆన్‌లైన్‌లో చౌకగా ఉండాయి. ఒరలోంచి దూయడం నేర్చుకోవాలంటే అది కొనేదా?

వడ్రంగి చేత ఇంకో కొయ్యకత్తి చేయించుకోవాలని ఉంది. ఏ కొయ్య మేలు? ఎర్రచందనం గట్టిది గదా అన్నాడొక ఫ్రెండు.

ఇంకొకటి, మా నాయన అడిగింది: "ఎదురుగా మనిషే లేకుండా గాల్లో కత్తి తిప్పితే ఏమొస్తుంది రా?" ఏం చెప్పేది?

నిలువుకోత

ముందు మోచేయి సంగతి చూడు తమ్ముడూ, కత్తి ఎక్కడికీ పోదు.

మోచేయి బయటిపక్క గుబ్బ దగ్గర నొప్పి, చెంబు ఎత్తితే లాగడం అంటే మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు ఎముకకు అతుక్కునే చోటు దెబ్బతింటోందని. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. దీనికి కావలసింది విశ్రాంతి, ఆ తర్వాత పట్టు మార్చుకోవడం. నొప్పి ఉన్నన్నాళ్ళూ వేట్లు ఆపు. రెండు వారాలకీ తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించు.

కారణం దాదాపు ఎప్పుడూ కుడిచెయ్యే. కత్తిని ఎత్తేదీ, దించేదీ, చివర బ్రేకు వేసేదీ అన్నీ కుడిచేత్తోనే చేస్తున్నావు. పట్టు ఇలా ఉండాలి: పిడి చివర ఎడమచెయ్యి, చిటికెన వేలు పిడి అంచు దాకా రావాలి. కుడిచెయ్యి పైన, చేతికి అడ్డుగా ఉండే త్సుబాకు ఒక వేలి సందు వదిలి. రెండు చేతుల్లోనూ బిగువు చిటికెన, ఉంగరపు వేళ్ళలోనే. చూపుడు వేలు, బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంటాయి, పట్టుకోవు. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉండే గాడి సరిగ్గా కత్తి వీపు గీత మీద కూర్చోవాలి. గాడి పక్కకు జరిగి, అరచెయ్యి పిడి పక్కన పడిందంటే సుత్తి పట్టు అయిపోయినట్టే. నీ మోచేయికి శత్రువు ఆ పట్టే.

ఇక వేటు. కుడికాలు ముందు, ఎడమకాలు వెనక, రెంటి మధ్య అడ్డంగా ఒక పాదం వెడల్పు. ఎడమ పిడికిలి బొడ్డుకు ఒక పిడికిలి దూరంలో, మొన ఎదుటివాడి గొంతు ఎత్తులో. ఎడమ పిడికిలిని నుదుటి మీదికి తీసుకుపోతే కత్తి దానంతట అదే లేస్తుంది, కుడిచేత్తో ఎగలాగే పని లేదు. మొన వెనక వీపు మీదికి వాలిపోకూడదు, నేలకు సమాంతరంగా ఉన్నచోటే ఆగాలి. దించేటప్పుడు మొనను ముందుకు, దూరంగా విసురు. ఎడమ పిడికిలి మళ్ళీ బొడ్డు ఎత్తుకు వచ్చి ఆగుతుంది. ఆగే ఆ లిప్తపాటు మాత్రం రెండు చేతులూ తడిబట్ట పిండినట్టు లోపలికి బిగుసుకుని, వెంటనే వదులవ్వాలి.

ఆగినప్పుడు మొన ఎగిరెగిరి పడుతుంటే భుజంతో కొడుతున్నావని అర్థం. మొన నిలువు గీత వదిలి పక్కకు పోతుంటే కుడిచెయ్యి నెడుతోంది. వేటు మొదట్లోనే, కత్తి ఇంకా తల మీద ఉండగానే గాలి చప్పుడు వినిపిస్తే బలం ముందే ఖర్చైపోతోంది. ఆ చప్పుడు ముందరివైపు, చివరి భాగంలో రావాలి.

నొప్పి తగ్గాక పదేసి చొప్పున ఐదు విడతలు చాలు. విడతకీ విడతకీ మధ్య చేతులు దించి, పట్టు మొదటి నుంచీ పెట్టుకో. ఏడో వేటులో రూపం చెడితే ఏడుకే ఆపు. వందలు లెక్కపెట్టి గొప్పగా చెప్పుకునే వీడియోలు చూసి చాలామంది మోచేతులు పాడు చేసుకుంటున్నారు.

కొయ్యపని_పుత్తూరు

ఎర్రచందనం మాట మళ్ళీ ఎత్తొద్దు సామీ. కొయ్య ఎక్కడిదని అటవీశాఖ వాళ్ళు అడిగితే చూపించే కాగితం ఉండదు. ఫ్రెండు "చిన్న ముక్కే గదా" అంటాడు, కేసు మాత్రం పెద్దదే. శేషాచలం చెట్టుకు జపాన్‌లో గిరాకీ ఉన్న మాట నిజమే. షమిసెన్ అని వాళ్ళ మూడు తీగల వాద్యం ఉంది, మేలైన వాటి మెడ ఈ కొయ్యతోనే చేస్తారు. కత్తికి మాత్రం వాళ్ళు వాడేది ఓక్ జాతి కొయ్య, ఎర్రదీ తెల్లదీ. ఎర్రచందనం నీళ్ళలో మునిగేంత బరువు, నీ మోచేయికి అదొక్కటే తక్కువ.

వడ్రంగిని అడగాల్సింది బాగా ఆరిన నల్లతుమ్మ. గొడ్డలి కామాకు, బండి చక్రానికి వాడిన కొయ్య, దెబ్బకు ఓర్చుకుంటుంది. టేకు వద్దు, చూడ్డానికి బాగుంటుంది గానీ కత్తికి కత్తి తగిలితే పెచ్చులు లేస్తాయి. సరుగుడు ఎండాకాలంలో నిలువునా పగులుతుంది.

కొలతలు: మొత్తం పొడుగు 101 నుంచి 102 సెం.మీ., అందులో పిడి 24 నుంచి 25. పిడి గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి: నిలువున 3.5 సెం.మీ., అడ్డంగా 2.5 దరిదాపు. గుండ్రటి పిడి పట్టుకుంటే అంచు ఎటు తిరిగిందో చేతికి తెలవదు. వంపు కొద్దిగా ఉంటే చాలు. బరువు 500 నుంచి 600 గ్రాములు, అంతకు మించితే పక్కలు చెక్కించు. అన్నిటికన్నా ముఖ్యం కొయ్య ఈనె, అంటే పోగుల వరుస. కత్తిని పక్కనుంచి చూస్తే ఈనె పిడి నుంచి మొన దాకా తెగకుండా పోవాలి. మధ్యలో ఈనె పక్కకు దిగిపోయిన చోటే ఎప్పటికైనా విరుగుతుంది. కణుపు ఉన్న ముక్క ముట్టుకోవద్దు.

వార్నిష్ వేస్తానంటాడు, వేయనివ్వొద్దు. చెమట చేతికి జారి బొబ్బలు లేస్తాయి. 220 నంబరు ఎమరీ, ఆ తర్వాత 320తో రుద్ది అవిసె నూనె పల్చగా పట్టించి ఒక రాత్రి వదిలెయ్. నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకూడదు, దానంతట అది వేడెక్కి అంటుకుంటుంది. విప్పి దండెం మీద ఆరేయాలి. కత్తిని ఎండలో వదిలినా, కార్తీకం వానల్లో గోడకు ఆనించి పెట్టినా వంకరపోతుంది. పడుకోబెట్టు.

బైరాగిపట్టెడ_వాసి

తుమ్మ సంగతి రేపే వడ్రంగిని అడుగుతా. నిలువుకోత అన్నా, అంచు గీత తప్పిందో లేదో ఒక్కడినే ఉన్నప్పుడు ఎట్లా తెలుసుకునేది? కొయ్యకత్తికి పెద్దగా చప్పుడు కూడా రాదు.

నిలువుకోత

ఫోన్‌ను ఎదురుగా, ఛాతీ ఎత్తులో, కత్తి అందనంత దూరంలో నిలబెట్టి స్లో మోషన్‌లో తీయి. కత్తి దిగుతున్నప్పుడు నీకు కనబడాల్సింది దాని మందం మాత్రమే. చదునైన పక్క కనబడిందంటే అంచు తిరిగింది. నిజం కత్తి అయితే ఆ కోణంలో, కోత సాధనకు నిలబెట్టే గడ్డిచాప చుట్టలో ఇరుక్కుంటుంది, లేకపోతే వంగిపోతుంది.

చప్పుడు మీద మరీ నమ్మకం పెట్టుకోకు. వీపు పక్కన గాడి ఉన్న కత్తులు తేలిగ్గా కూస్తాయి. లోతు గాడి ఉంటే గీత కాస్త తప్పినా కూస్తాయి.

రేణిగుంట_అక్క

కటానా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. తమ్ముడూ, ఆ స్టెయిన్‌లెస్‌వి గోడకు తగిలించుకునే బొమ్మలు. పిడి లోపల కూడా అలుగు (కత్తిలో కోసే లోహపు భాగం) కొనసాగాలి, నిజం కత్తిలో అది పిడిలో చాలా దూరం దాకా పోతుంది. వీటిలో సన్నటి కడ్డీ ఒకటి అతికించి నట్టు బిగిస్తారు. గట్టిగా ఊపితే అతుకు దగ్గర తెగి అలుగు ఎగిరిపోతుంది, మిద్దె మీది నుంచైతే పక్కింటి వాకిట్లో పడుతుంది. పైగా పొడవాటి అలుగుకు స్టెయిన్‌లెస్ పెళుసు.

చట్టం కూడా చూసుకో. ఆయుధాల చట్టం 1959 కింద 2016లో వచ్చిన నిబంధనల్లో 9 అంగుళాలు మించిన అలుగు కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఏ ప్రాంతంలో లైసెన్సు కావాలన్నది ప్రభుత్వ నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది, కాబట్టి కొనకముందే స్టేషన్‌లో అడిగి తెలుసుకోవడం మేలు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ తలనొప్పి వేరు. మన ఊళ్ళో ఇంకొకటి: కొయ్యకత్తి సంచీ బండిలో మర్చిపోయి కొండకు బయల్దేరొద్దు, అలిపిరి తనిఖీలో దించి నిలబెడతారు.

ఇయాయ్‌దో వాళ్ళు వాడేది 'ఇయాయ్‌తో' అనే సాధన కత్తి. జింకు, అల్యూమినియం కలిపిన లోహం, పదును పట్టదు. 170 సెం.మీ. ఎత్తు మనిషికి 2.45 షాకు (జపాన్ కొలత) అలుగు సరిపోతుంది, అంటే 74 సెం.మీ. గురువు చూసి చెప్పాకే కొను. అంతదాకా ప్లాస్టిక్ ఒర ఉన్న కొయ్యకత్తి చాలు. నడికట్టు లేకపోతే ఎనిమిది మూరల పంచె పొడుగ్గా నాలుగైదు మడతలు పెట్టి బిగించి చుట్టుకుని, ఒరను మడతల మధ్య దోపు. బెల్టులో దోపితే ఒర నిలవదు.

దూయడంలో కొత్తవాళ్ళు చేసేది కుడిచేత్తో కత్తి లాగడం. సగం పని ఎడమచేతిది. బొటనవేలితో త్సుబాను కొద్దిగా ముందుకు నెట్టు, కత్తి ఒరమూతి నుంచి వదులవుతుంది. కుడిచెయ్యి ముందుకు పోతున్నకొద్దీ ఎడమచెయ్యి ఒరను వెనక్కి, నడుము చుట్టూ లాగాలి. ఒరను లాగకపోతే చెయ్యి పూర్తిగా చాపినా మొన ఒరలోనే ఉంటుంది, అప్పుడు భుజం ఎగరేసి పీకుతారు. ఒరలోంచి కొయ్యపొడి రాలుతుంటే అలుగు లోపల గీరుకుంటోందని. పదునున్న కత్తితో అదే అలవాటు ఒరను చీల్చి, పట్టుకున్న వేళ్ళ దాకా వస్తుంది.

లోపల పెట్టేటప్పుడు ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలు ఒరమూతిని చుట్టి చిన్న సందు వదలాలి. కత్తి వీపును త్సుబా దగ్గర ఆ సందు మీద ఆనించి, కుడిచెయ్యి ముందుకూ ఒర వెనక్కూ జరుపుతూ పో. మొన సందులో పడ్డాక ఒరే కత్తి మీదికి రావాలి. చూపు ఎదరే. వంగి చూస్తే మెడ వాలుతుంది, కత్తి గీతా తప్పుతుంది. మిద్దె మీద నీకు శేషాచలం కొండ కనబడుతుంది కదా, చూపు దాని మీద పెట్టి చెయ్.

ఇయాయ్‌తో చేతికొచ్చాక ప్రతిసారీ మొదట చూడాల్సింది పిడిలో ఉండే వెదురు చీల. అలుగును పిడిలో ఆపేది అదే. కదిలినా, చీలినా ఆ రోజు సాధన లేదు. మేకు కొట్టడం, అగరుబత్తి పుల్ల దూర్చడం లాంటి తెలివితేటలు వద్దు. అలుగుకు కుట్టుమిషను నూనె చుక్క, పల్చగా. ఉక్కు కత్తులకు వాడే తెల్లపొడి దీనికి వాడితే పైపూత గీసుకుపోతుంది.

సిమెంటు నేల మీద మోకాళ్ళు కొట్టుకోకుండా నిలబడి చేసేవి ముందు పట్టుకో. అఖిల జపాన్ కెండో సమాఖ్య పద్ధతిలో 12 రూపాలు (వరుస కట్టిన కదలికలు): 1969లో ఏడు, 1980లో మూడు, 2000లో రెండు చేర్చారు. మొదటి మూడూ మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగోది ఒక మోకాలు లేపి కూర్చుని. ఐదు నుంచి పన్నెండు దాకా నిలబడే. ఎండాకాలం ఆరున్నరలోపు ముగించు, సాయంత్రం ఏడైనా మిద్దె సెగ తగ్గదు.

కర్రసాము_కాణిపాకం

ఇంత తంటా ఎందుకు? మన కర్రసాము ఉండనే ఉంది. గురువు దొరుకుతాడు, కర్ర దొరుకుతుంది, పోలీసులు అడగరు.

రేణిగుంట_అక్క

మంచిదే, నేర్చుకోమనే చెబుతా. కానీ దానికి ఇది బదులు కాదు, దీనికి అదీ కాదు. కర్రకు అంచు లేదు, మణికట్టు తిరిగేకొద్దీ వేగం. ఇక్కడ మణికట్టు తిరిగితే కోతే పోతుంది. రెండూ ఒకేసారి మొదలుపెడితే చేతికి రెండూ అబ్బవు.

పాతపాఠం

మీ నాయన గారి ప్రశ్న మంచి ప్రశ్న. ఎదురుగా మనిషి లేడన్నది పొరపాటు. ఉన్నాడనుకుని చేయడమే ఇయాయ్‌దో. మొదటి రూపం 'మాఎ' తీసుకోండి. ఎదురుగా కూర్చున్నవాడు కత్తి మీద చెయ్యి వేయబోతున్నాడు. మీరు ముందే దూసి అతని కణత మీదుగా అడ్డంగా కోస్తారు. కుడి పిడికిలి భుజం ఎత్తులో ఆగుతుంది, మొన దానికి సమంగానో కొద్దిగా కిందనో ఉంటుంది. మొన పైకి లేస్తే ఆ కోత అతని తల మీదుగా గాల్లోకి పోయింది. తర్వాత నడినెత్తి మీద నిలువు వేటు, కత్తి దులపడం, ఒరలో పెట్టడం. ఒరలో పెడుతున్నప్పుడు కూడా అతను లేస్తాడేమోనని గమనిస్తూనే ఉంటారు. ఎదుటివాడు ఎక్కడున్నాడో, ఎంత ఎత్తున ఉన్నాడో మీకు తెలియకపోతే చూసేవాళ్ళకు అది నాట్యంలా ఉంటుంది, తెలిసినవాళ్ళకు వెంటనే దొరికిపోతుంది. ఐదు నిమిషాలు అలా చేసి చూడండి, ఫోను గుర్తుకు రాదు. ఆకర్షణ అక్కడుంది గానీ కత్తి మెరుపులో లేదు.

1876లో జపాన్‌లోని మెయిజీ ప్రభుత్వం నడుముకు కత్తి పెట్టుకోవడాన్ని నిషేధించింది. కత్తితో అవసరం తీరిపోయాక కూడా దూసే పద్ధతులు బతికాయంటే ఇలాంటి సాధన వల్లనే. ఇయాయ్‌కి మూలపురుషుడిగా చెప్పుకునేది 16వ శతాబ్దపు హయాషిజాకి జిన్‌సుకేను. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని జనంలోకి తెచ్చినవారిలో నకయామా హకుదో పేరు ముందు వస్తుంది.

క్రమశిక్షణ అనగానే వంగి నమస్కారాలు, నల్ల బట్టలు గుర్తొస్తాయి. నా మటుకు వెదురు చీల చూసుకోవడం, రూపం చెడిన చోట ఆపడం, కూర్చునేటప్పుడు ఎడమకాలు ముందు మడవడం, లేచేటప్పుడు కుడికాలు ముందు వేయడం, అదే క్రమశిక్షణ. విసుగొచ్చిన రోజు వీటిలో ఏది ఎగ్గొడతామో చూసుకుంటే మన సంగతి మనకే తెలుస్తుంది.

గురువు మాత్రం కావాలి. పైన చెప్పినవన్నీ చదివి సగం సరిచేసుకోవచ్చు, మిగతా సగం పక్కన నిలబడి చూసేవాళ్ళకే కనబడుతుంది. చెన్నై మూడు మూడున్నర గంటల రైలు, బెంగళూరు ఇంకాస్త దూరం. నెలకోసారి పోయినా చాలు, నెలంతా దిద్దుకునేందుకు రెండు తప్పులు పట్టిస్తే అదే ఎక్కువ. పోయినప్పుడు అడగండి: ఏ సంప్రదాయం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, 'దాన్' అనే స్థాయి ఇచ్చిందెవరు. వచ్చిన కొత్తలోనే పదును కత్తి చేతికిచ్చే చోట నిలబడొద్దు. ఒకపూట కూర్చుని చూస్తానంటే వద్దనే చోటా అంతే.

బైరాగిపట్టెడ_వాసి

నొప్పి తగ్గేదాకా వేట్లు బంద్. అంతవరకు ఎడమ బొటనవేలితో త్సుబా నెట్టడం, ఒర వెనక్కి లాగడం మాత్రం చేసుకోవచ్చా? కుడిచేతికి బరువుండదు గదా.

నిలువుకోత

చేసుకో. కత్తిని పూర్తిగా దూయకు, ఒక జానెడు బయటికొచ్చాక మళ్ళీ లోపల పెట్టు. కుడిచేతిని పిడి కింద అరచెయ్యి పైకి పెట్టి ఆనించు చాలు, బిగించకు. మోచేయి లాగితే అక్కడికి ఆపెయ్.