బ్రసవోలా నోడోసా ఆర్కిడ్: పూసింది గానీ వాసన లేదు, పైగా ఆకులు ముడతలు

ప్రశ్న (గునుపురం)
నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీ, నిండా కొబ్బరి పొట్టు. తూర్పు వరండాలో ఉంది, రోజూ పొద్దున్నే బోరు నీళ్లు. మూడు పూలు విచ్చాయి. పొద్దున పదింటికి ముక్కు ఆనించినా వాసన లేదు. పెన్సిల్‌లాంటి ఆకులు సన్నబడి నిలువు గీతలు పడుతున్నాయి. నీళ్లు పెంచమంటారా?

జవాబు (పర్లాకిమిడి)
పెంచకండి, ముందు ఆపండి. ఆకు ముడత దాహంలాగే కనిపిస్తుంది గానీ ఇక్కడ నీళ్లు తాగడానికి వేళ్లే మిగిలి ఉండవు. పొట్టు లోపల ఆరక, గాలాడక వేళ్లు కుళ్లిపోతాయి. కుండీ బోర్లించి వేళ్లు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా నలిగి, పైతొక్క ఊడి లోపల దారంలాంటిది మిగిలితే చచ్చినట్టే, కోసేయండి. కత్తెరని ముందు నిప్పు మీద కాల్చాలి. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు లీటరుకు 2 గ్రాములు కలిపి పది నిమిషాలు ముంచి, నీడలో ఒక రోజు ఆరబెట్టండి.

ఇది చెట్ల మీద పెరిగే రకం కాబట్టి తర్వాత మొక్కని బెరడున్న మామిడి చెక్కకి పాత బనియన్ పీలికతో కట్టండి. కదలకూడదు, కదిలితే కొత్త వేరు కొస చెక్కకి రాసుకుని విరుగుతుంది. కొత్త వేరు పచ్చటి కొస కనబడేదాకా ఎరువు వద్దు. ఆ తర్వాత 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) లీటరుకు అర గ్రాము, వారానికోసారి.

జవాబు (జయపురం)
చెక్క మాట సరేగానీ, గునుపురం మే ఎండలో చెక్క మీద రోజుకి రెండుసార్లు తడపాల్సొస్తుంది. అంత కుదరకపోతే పక్కల కూడా బెజ్జాలున్న మట్టి కుండీ, అంగుళం సైజు బొగ్గు, ఇటుక ముక్కలు చాలు. మొదలు పూడ్చొద్దు. వేరు తడిస్తే పచ్చగా, ఆరితే తెల్లగా ఉంటుంది. తెల్లబడ్డాకే మళ్లీ నీళ్లు. బోరు నీళ్లకి వేళ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే వాన నీళ్లు వాడండి.

వెలుతురు చాలిందా అంటే ఆకే చెబుతుంది: ఎర్రటి చుక్కలు పడితే సరిపోయింది, ముదురు పచ్చగానే ఉంటే చాల్లేదు. వేసవిలో మధ్యాహ్నం ఎండకి మాత్రం 50 శాతం గ్రీన్ నెట్ వేయండి. చలి రాత్రులు 13 డిగ్రీల లోపుకి దిగితే లోపలికి తెచ్చి నీళ్లు బాగా తగ్గించండి.

జవాబు (బరంపురం)
వాసన సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ పువ్వు పగలు వాసన వేయదండి. మెక్సికో, మధ్య అమెరికా వైపు దీన్ని పరాగసంపర్కం చేసేది రాత్రి తిరిగే హాక్ మాత్ అనే రెక్కల పురుగులు, అందుకే చీకటి పడ్డాకే గుబాళింపు. రాత్రి ఎనిమిది దాటాక చూడండి, నిమ్మ కలిసినట్టుంటుంది. అయితే వేళ్లు పోయిన మొక్కకి పువ్వు భారమే. ఒక్క రాత్రి వాసన చూసి కాడ కోసేయడం మేలు.

ఆకు గాడిలో గోధుమ రంగు పొలుసు పురుగులుంటే స్పిరిట్ దూదితో తుడవండి. వానాకాలం రాత్రి టార్చి వేసి నత్తల్ని ఏరండి, అవి తినేది సరిగ్గా ఆ పచ్చటి వేరు కొసనే.

ప్రశ్న వేసినవారు (గునుపురం)
బోర్లించాను. పదకొండు వేళ్లలో గట్టివి మూడే. మట్టి కుండీకే వెళ్తున్నాను. కాడ రేపు కోస్తాను.