టెక్సస్‌లో లైసెన్సు సస్పెండ్ అయిన తమ్ముడికి కారు ఇన్సూరెన్స్ ఎలా?

పిల్లల తల్లి, డాలస్:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు మా ఇంట్లోనే ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇన్సూరెన్స్ లేకుండా కారు నడిపిన కేసులో వాడికి రెండోసారి శిక్ష పడింది. లైసెన్సు సస్పెండ్ చేస్తున్నట్టు డీపీఎస్ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్సూరెన్స్ ఉందని చూపే ఎస్‌ఆర్-22 అనే ఫారం దాఖలు చేసి, వంద డాలర్ల రుసుము కడితేనే లైసెన్సు తిరిగి ఇస్తారట. ఆ పాత కారు అమ్మేశాము. ఇప్పుడు వాడి పేరు మీద బండే లేదు. బండి లేనివాడికి కారు ఇన్సూరెన్స్ ఎవరిస్తారు?

నా పాలసీలో చేరుద్దామని అడిగితే, ఏజెంటు చెప్పిన ప్రీమియం విని నోట మాట రాలేదు. అది వద్దనుకుంటే వాడిని పాలసీ నుంచి మినహాయిస్తూ ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఈ దేశంలో వాడికి నేను తప్ప ఎవరూ లేరు, వాడిని వదిలేయలేను. కానీ నేను పిల్లలను రోజూ బడికి తీసుకువెళ్లేది ఆ బండిలోనే, దాని ఇన్సూరెన్స్‌కు ఏ ముప్పూ రాకూడదు. సంతకం పెట్టమంటారా?

ఆస్టిన్ వాసి:
బండి లేకపోయినా పాలసీ దొరుకుతుందండీ. దాన్ని నాన్ ఓనర్ పాలసీ అంటారు. దానికి ఎస్‌ఆర్-22 జతచేసి ఇస్తారు. తమ్ముడు మీ ఇంట్లో ఉంటున్నట్టు మీ కంపెనీకి అసలు చెప్పకుండా ఉంటే సరిపోయేది.

పాత ఏజెంటు, హ్యూస్టన్:
పై సలహాలో రెండో సగం పాటించకండి అమ్మా. ఇంట్లో ఉంటున్న మనిషిని దాచిపెట్టి, రేపు అతను మీ బండి నడుపుతుండగా ప్రమాదం జరిగితే, క్లెయిము దగ్గర కంపెనీ మొదట తవ్వేది అదే. ఇన్సూరెన్స్ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇలాంటి దాపరికం వల్ల ఇల్లు గుల్లయిన కుటుంబాలను చూశాను.

ఎస్‌ఆర్-22 అంటే విడిగా ఒక ఇన్సూరెన్స్ కాదు. ఇతనికి చట్టం కోరినంత పాలసీ ఉందని కంపెనీ డీపీఎస్‌కు ఇచ్చే పూచీకత్తు. పాలసీ పత్రమో, కార్డో చూపిస్తే చెల్లదు, ఆ ఫారమే వెళ్లాలి. టెక్సస్‌లో కనీస లయబిలిటీ, అంటే ఎదుటివారికి కలిగించిన నష్టానికి ఉండాల్సిన ఇన్సూరెన్స్, ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000.

మీ విషయంలో చిక్కు వేరే చోట ఉంది. నాన్ ఓనర్ పాలసీ అప్పుడప్పుడు ఇతరుల బండి నడిపేవారి కోసం. ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉండే బండికి అది సాధారణంగా వర్తించదు. కాబట్టి మీ ఇంటి బండ్ల సంగతి ఆ కంపెనీకి ముందే చెప్పండి. మీ పాలసీలో అతన్ని మినహాయించారని రుజువు చూపిస్తే ఒప్పుకునే కంపెనీలు ఉంటాయి.

సంతకం పెట్టవచ్చు. కానీ పెట్టిన రోజు నుంచి అతను మీ బండి తాళాలు ముట్టకూడదు. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వచ్చి అతనే నడిపినా సరే, ప్రమాదం జరిగితే మీ పాలసీ నుంచి ఒక్క డాలరు రాదు. అంత కచ్చితంగా ఉండగలం అనుకుంటేనే సంతకం పెట్టండి. లేదంటే భారమైనా మీ పాలసీలోనే చేర్చడం మేలు.

గార్లండ్ అన్న:
మా బంధువుకు ఏ కంపెనీ పాలసీ ఇవ్వలేదు. అప్పుడు టైపా అనే పథకం ఆదుకుంది. 60 రోజుల్లో కనీసం రెండు కంపెనీలు కాదన్నట్టు ఉంటే, ఏజెంటు ద్వారా దరఖాస్తు చేయవచ్చు. చివరి దారిగా గుర్తుపెట్టుకోండి.

పిల్లల తల్లి, డాలస్:
చాలా ధన్యవాదాలు. ముఖ్యంగా హ్యూస్టన్ పెద్దాయనకు. ఆ మినహాయింపు కాగితం గురించి మా ఏజెంటు ఇంత స్పష్టంగా చెప్పనే లేదు. తాళాల మాట తమ్ముడితో ఈరోజే తేల్చుకుంటాను. ఇంకొక్క ప్రశ్న: ఈ ఎస్‌ఆర్-22 ఎంతకాలం ఉంచాలి? వాడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చేలా ఉంది.

పాత ఏజెంటు, హ్యూస్టన్:
శిక్ష పడిన తేదీ నుంచి రెండేళ్లు. లైసెన్సు తిరిగి వచ్చిన రోజు నుంచి లెక్క కాదు. రాష్ట్రం మారినా టెక్సస్ గడువు పూర్తయ్యే దాకా ఉంచాల్సిందే. అక్కడికి వెళ్లాక ఈ పాలసీ రద్దు చేసుకునే ముందే, టెక్సస్‌కు ఎస్‌ఆర్-22 పంపగల కంపెనీ దగ్గర కొత్తది మొదలుపెట్టమనండి. మధ్యలో పాలసీ ఆగితే కంపెనీ ఆ సంగతి డీపీఎస్‌కు తెలియజేస్తుంది, లైసెన్సు మళ్లీ సస్పెండ్ అవుతుంది. కిస్తీ మరిచిపోయే అలవాటుంటే బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే కట్టేలా పెట్టించండి.

ఇంకో మాట. ఫారం పంపగానే స్టీరింగు పట్టుకోవద్దు. డీపీఎస్ వెబ్‌సైటులో లైసెన్సు స్థితి చూసుకుని, అర్హత వచ్చిందని కనిపించాకే నడపాలి. చెల్లని లైసెన్సుతో దొరికితే 500 డాలర్ల దాకా జరిమానా. ఆ సమయంలో బండికి ఇన్సూరెన్స్ కూడా లేకపోతే కేసు ఇంకా పెద్దదవుతుంది.