క్లచ్ హౌసింగ్ కింద ఆయిలు చుక్కలు: బండి విడదీయాలా, ముందు కడగాలా?

డెల్టా రైతు (పాలకొల్లు దగ్గర)
మా ట్రాక్టర్ మూడు సిలిండర్లది, 42 హెచ్‌పీ, కొని పదకొండేళ్లు. నెల రోజులుగా క్లచ్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ఉండే డొప్ప) అడుగున ఉండే రంధ్రం దగ్గర ఆయిలు చుక్కలు పడుతున్నాయి. రాత్రి ఆపిన చోట పొద్దున్నకల్లా అరచేయంత మరక. మా ఊరి మెకానిక్ వంగి చూసి, వేలితో రాసి, "క్రాంకు (ఇంజన్లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీలు పోయింది. ఇంజన్ విడదీయాలి, మూడు రోజులు పడుతుంది" అని తేల్చేశాడు. మా బావమరిదేమో "అప్పుడే విప్పించకు, ముందు కడిగి చూడు" అంటున్నాడు. వచ్చే వారం దమ్ము (నాట్లకు ముందు మడిలో బురద దున్నడం) మొదలు. క్లచ్ ఇప్పటివరకు జారలేదు. ఎవరి మాట వినమంటారు?

నల్లరేగడి (ఆదిలాబాద్)
మీ బావమరిది మాటే వినండన్నా. చుక్క పడే చోటు వేరు, ఆయిలు పుట్టే చోటు వేరు. పోయినేడు నా బండికి కూడా ఇదే చెప్పారు. విప్పించాను, సీలు మార్పించాను. నాలుగో రోజు మళ్లీ అదే మరక! చివరికి చూస్తే ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ వెనక మూల చిట్లి ఉంది. ఆ ఆయిలు ఇంజన్ వెనక గోడ మీదుగా జారి, హౌసింగ్ అతుకు వెంట దిగి, సరిగ్గా ఆ రంధ్రం పక్కనే చుక్క కట్టేది. ప్యాకింగ్ ఖర్చు ఎంతని! విప్పిన కూలి మాత్రం గంగలో పోసినట్టే.

పంతొమ్మిదో నంబర్ పానా (గుంటూరు, షెడ్డు నడుపుతాను)
ఒక్క బండి అనుభవంతో మెకానిక్‌లందరినీ ఒకే గాటన కట్టకండి. ఆ రంధ్రం పెట్టిందే అందుకు. వెనక సీలు కారినా, గేర్‌బాక్సు ముందు షాఫ్టు సీలు కారినా ఆయిలు క్లచ్ ప్లేటు మీదికి ఎక్కకుండా బయటికి పోవాలని. పదకొండేళ్ల బండికి అక్కడ ఆయిలు పడుతోందంటే నేనైతే ముందు సీలునే అనుమానిస్తాను. పాత పెర్కిన్స్ తరహా మూడు సిలిండర్ల ఇంజన్లలో కొన్నిటికి వెనక రబ్బరు సీలు కాదు, తాడు సీలు ఉండేది. కాస్త చెమ్మ దానికి మామూలే.
ఇంకో మాట. దమ్ములో ప్లేటు ఆయిలు తాగిందంటే బండి మడి మధ్యలో నిలబడిపోతుంది. దాన్ని బయటికి లాగడానికి ఇంకో బండి కావాలి. సీజన్ ముందు మూడు రోజులు పోవడం మేలా, సీజన్లో పది రోజులు పోవడం మేలా?

కాకతీయ కాలువ (కరీంనగర్)
అసలు అది ఏ ఆయిలో ఎవరూ అడగలేదేం? తెల్ల కాగితం మీద రెండు చుక్కలు పట్టండి. పక్కనే డిప్‌స్టిక్‌తో ఇంజనాయిలు ఒక చుక్క, గేర్‌బాక్సు ఆయిలు ఒక చుక్క వేయండి. డీజిల్ ఇంజనాయిలు మసితో నల్లగా ఉంటుంది. గేర్ ఆయిలు తేనె రంగులో, చిక్కగా ఉంటుంది, 90 నంబరుదైతే ఆ ఘాటు వాసన ముక్కుకే తెలిసిపోతుంది. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. దమ్ము చేసే బండ్లకు అది ఎక్కువ.
డిప్‌స్టిక్ తీసినప్పుడు మట్టం కూడా చూడండి. కారుతున్నా మట్టం పెరుగుతోందంటే డీజిల్ చాంబర్లోకి (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) దిగుతోందని అర్థం. ఆయిలు పలచబడి ప్రతి అతుకు నుంచీ కారుతుంది. అప్పుడు పట్టించుకోవాల్సింది సీలు కాదు, డీజిల్ పంపు.

డెల్టా రైతు
కాగితం మీద నల్లగానే ఉంది. మట్టం పెరగలేదు, వారానికి కొంచెం తగ్గుతోంది.

పంతొమ్మిదో నంబర్ పానా
చెప్పానా! ఇంజనాయిలే.

నల్లరేగడి
ఇంజనాయిలని తేలింది సరే, ఇంజన్లో ఎక్కడిదో తేలిందా? టాపెట్ కవర్‌లో ఉన్నదీ నల్లగానే ఉంటుంది. ఫిల్టర్ మొదలూ, ప్రెషర్ స్విచ్చీ, చాంబర్ ప్యాకింగూ అన్నీ అదే రంగు కారుస్తాయి.
నేను చేసిన పని చెబుతాను. ఇంజన్ చల్లారాక డీజిల్, బ్రష్షుతో జిడ్డంతా గీకి కడగండి. డైనమోకీ సెల్ఫ్ మోటారుకీ తగలకుండా చూసుకోండి. బాగా ఆరబెట్టాక టాపెట్ కవర్ చుట్టూ, ఇంజన్ వెనక అతుకు మీద ఒంటికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. గంటసేపు బరువు పని చేయించి, ఆపి, టార్చితో పైనుంచి కిందికి చూడండి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడిసిందో అదే మూలం. కింద ఉన్నదంతా జారిందే. మనవాళ్లు కింద పడుకుని పైకి చూస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది.

పంతొమ్మిదో నంబర్ పానా
పౌడరు బయట గోడకు పనికొస్తుంది, హౌసింగ్ లోపలికి ఎలా చల్లుతారు? దానికి వేరే దారి ఉంది. ఇంజన్ ఆపి, ఆ రంధ్రం మూసుకుపోకుండా అందులో ఆడుతూ ఉండే పిన్ను లాగి, తీగకు తెల్లగుడ్డ చుట్టి లోపలికి పెట్టి తిప్పండి. గుడ్డ పొడిగా వస్తే నేను ఓడిపోయినట్టే. తడిగా వస్తే హౌసింగ్ పక్కన చిన్న మూత ఉంటే విప్పి టార్చి వేయండి. ఫ్లైవీల్‌కు (క్రాంకు వెనక చివర ఉండే బరువు చక్రం) ఇంజన్ వైపు చిమ్మి ఉంటే క్రాంకు సీలు. రిలీజ్ బేరింగ్ వైపు తడి ఉంటే గేర్‌బాక్సుది. విప్పమన్నా ఊరికే అనలేదు, ఇవన్నీ చూశాకే.

నల్లరేగడి
మొదటి పోస్టులో ఇవేవీ రాయలేదు గురువుగారూ.

పంతొమ్మిదో నంబర్ పానా
అడిగితే కదా.

లంక రైతు (కోనసీమ)
బ్రీదర్ గొట్టం మాట ఒక్కరూ ఎత్తలేదు. దమ్ము బురద ఎండి దాని మూతి మూసుకుపోతే ఇంజన్ లోపలి గాలికి దారి ఉండదు, మంచి సీలునైనా తోసుకుని ఆయిలు బయటికి వస్తుంది. కొత్త సీలు వేసినా నెలకే కారుతుంది. గొట్టం శుభ్రం చేశాక ఆయిలు పోసే మూత తీసి, ఇంజన్ నెమ్మదిగా నడిపి చూడండి. పొగ గుప్పుగుప్పున కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. అది సీలుతో పోయే జబ్బు కాదు.
వెనక ఇరుసుకూ బ్రీదర్ ఉంటుంది. అది మూసుకుపోయినా, గడ్డి చుట్టుకుని ఇరుసు సీలు కోసుకుపోయినా కొన్ని బండ్లలో ఆయిలు బ్రేకు షూల మీదికి పోతుంది. ఒకవైపు బ్రేకు పట్టి ఇంకోవైపు జారిందంటే, వెనక ట్రక్కు (ట్రాలీ) తగిలించి గట్టు దిగేటప్పుడు బండి పక్కకు లాగేస్తుంది. క్లచ్ కన్నా నాకు దాని టెన్షనే ఎక్కువ.

కొత్త ట్రాక్టర్
సీలు ఉబ్బించే మందు దొరుకుతుందట కదా, ఇంజనాయిలులో పోస్తే ఆగిపోదా?

పంతొమ్మిదో నంబర్ పానా
గట్టిపడిన రబ్బరును కొన్నాళ్లు మెత్తబరచొచ్చు. తెగిన సీలును అతికించదు. తాడు సీలుకు అసలు పనిచేయదు.

డెల్టా రైతు
నాలుగు రోజులు పట్టింది, ఆలస్యానికి ఏమనుకోకండి. కడిగితే బండి రంగు ఎరుపని గుర్తొచ్చింది. బ్రీదర్ గొట్టంలో వేలెడు బురద ఎండి ఉంది. మూత తీసి చూస్తే పొగ పెద్దగా లేదు. పౌడరు మాత్రం టాపెట్ కవర్ వెనక కుడి మూలన గంటలోనే నల్లబడింది. ప్యాకింగ్ మార్చాను.
ఇప్పుడు మరక అరచేతి నుంచి రూపాయి బిళ్లంత అయింది. కానీ పానా గారు చెప్పినట్టు రంధ్రంలో గుడ్డ తిప్పితే చివర కాస్త నలుపు అంటింది. పక్క మూత విప్పితే ఫ్లైవీల్ ఇంజన్ వైపు అంచున చెమ్మ ఉంది, ప్లేటు పొడిగా ఉంది.

నల్లరేగడి
దమ్ముకు తోలేయండి. రోజూ మట్టం చూసుకోండి చాలు.

పంతొమ్మిదో నంబర్ పానా
తోలండి, నేనూ కాదనను. కానీ పిన్ను తిరిగి పెట్టడం మర్చిపోకండి. రంధ్రం బురదతో మూసుకుపోతే ఆ చెమ్మంతా ప్లేటు మీదికే. రోజూ సాయంత్రం ఆ పిన్ను ఆడుతోందో లేదో చూడండి. నాట్లు అయ్యాక విప్పించినప్పుడు, సీలుతో పాటు క్రాంకు మీద సీలు ఆనే చోట గాడి పడిందేమో గోరుతో గీసి చూడమనండి. గాడి ఉండగా అదే చోట కొత్త సీలు కూర్చోబెడితే మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతారు.

డెల్టా రైతు
సరేనండీ. నాట్లయ్యాక విప్పిస్తాను, ఆ ఫోటో పెడతాను. మా మెకానిక్ "నేను ముందే చెప్పానుగా" అంటున్నాడు, బావమరిదీ అదే మాట అంటున్నాడు.