మన డబ్బు బ్యాంకులో ఉంచుకున్నందుకు మనమే కట్టాలా? బెంగళూరులో ఉన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి

కుందలహళ్లి గేట్
నిన్న రాత్రి నుంచి మనసు బాగాలేదు, అందుకే రాస్తున్నా. పాత కంపెనీలో తెరిపించిన శాలరీ అకౌంట్ ఒకటుంది. కంపెనీ మారాక జీతం వేరే బ్యాంకులో పడుతోంది. పాతదాంట్లో 4,312 రూపాయలు అలాగే ఉంచాను. నాన్న నా పేరు మీద మొదలుపెట్టిన ఇన్సూరెన్స్ ప్రీమియం ఏడాదికోసారి ఆ అకౌంట్ నుంచే పోతుంది, 3,940. సరిపోతుంది కదా అని ధీమాగా ఉన్నా.

నిన్న ఇన్సూరెన్స్ వాళ్ల మెసేజ్, డబ్బు రాలేదని. స్టేట్‌మెంట్ తీసి చూశా. జీతం పడటం ఆగిన కొన్నాళ్లకు దాన్ని మామూలు సేవింగ్స్ అకౌంట్ చేసేశారు. అప్పటి నుంచి నెలనెలా మినిమమ్ బ్యాలెన్స్ లేదని 500, దాని మీద జీఎస్టీ 90. ఆరు నెలలు వరసగా 590, 590, 590. మిగిలింది 772. ప్రీమియం వెనక్కి పోయినందుకు ఇంకో 590. ఇప్పుడు అందులో ఉన్నది 182.

నేను ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, తట్టుకుంటాను. కానీ అడగాల్సింది ఒకటుంది. నా డబ్బు తీసుకెళ్లి అప్పులిచ్చి వడ్డీ సంపాదిస్తారు. తక్కువ ఉందని మళ్లీ నా దగ్గరే కోస్తారు. తక్కువ ఉన్నచోట కోస్తే ఇంకా తగ్గిపోదా? రోజూ వాడుకునే మామూలు అకౌంట్‌కి అసలు చార్జీ ఉండాలా? మీలో ఎవరికైనా ఇలా అయిందా?

బీటీఎం పీజీ
అన్నా, నాది ఏటీఎం గొడవ. మా పీజీ ఓనర్ అద్దె క్యాష్‌గానే కావాలంటాడు. మా బ్యాంకు ఏటీఎం చాలా దూరం, సందు చివర వేరే బ్యాంకుది ఉంది. అందులో ఒకేసారి మొత్తం రాదు, రెండు మూడు సార్లు తీయాలి. మెట్రో సిటీ కాబట్టి వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు మూడే ఫ్రీ. అదే మా కదిరిలో అయితే ఐదు. ఆపైన 2025 మే నుంచి ఒక్కో విత్‌డ్రాకి 23 దాకా తీసుకోవచ్చట, జీఎస్టీ కలిపితే 27 దాటుతుంది. బ్యాలెన్స్ చూసుకున్నా ఆ మూడింట్లో ఒకటి పోతుందని నాకు మొన్నటిదాకా తెలీదు.

రిటైర్డ్ క్యాషియర్, విద్యారణ్యపుర
బాబూ, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ముందు బ్యాంకు వైపు మాట చెబుతాను, వినండి.

ఒక అకౌంట్లో సగటున వెయ్యి రూపాయలు ఉంటాయనుకుందాం. మీకు వడ్డీ ఇచ్చి, ఆ వెయ్యి ఇంకొకరికి అప్పిచ్చి, మధ్యలో నూటికి మూడు నాలుగు రూపాయలు మిగిలిందనుకున్నా ఏడాదికి 30, 40 రూపాయలు. కార్డు, మెసేజులు, ఏటీఎంలో నోట్లు నింపే వ్యాను, కౌంటర్లో మనిషి జీతం, బ్రాంచి అద్దె ఆ 40 లోంచి రావు. యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కూడా రుసుము పుచ్చుకోకూడదన్నారు. ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు భరించాలి. ఇంతవరకు నేను బ్యాంకు పక్షమే.

అయితే సేవకు రుసుము వేరు, లేమికి జరిమానా వేరు. డీడీ తీసినవాడు డీడీకి కట్టాడు. లాకర్ పెట్టుకున్నవాడు లాకర్‌కి కట్టాడు. బ్యాలెన్స్ తగ్గినవాడు దేనికి కట్టినట్టు? వాడు ఆ నెల కౌంటర్ దగ్గరికే రాలేదు.

రిజర్వ్ బ్యాంకు 2014 నవంబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. బ్యాలెన్స్ తగ్గితే ముందు ఖాతాదారుకు తెలియజేయాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఎంత తగ్గిందో ఆ మేరకే చార్జీ ఉండాలి. ఆ చార్జీ వల్లే అకౌంట్ మైనస్‌లోకి పోకూడదు. మీకు 4,312 ఉన్న నెలలోనూ 590, 1,362కి దిగిన నెలలోనూ 590 పడిందంటే ఆ లెక్క ఏమిటో రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

కుందలహళ్లి గేట్
సార్, చాలా థాంక్స్. మీరు చెప్పాక వెతికి చూశా. బ్యాంకులో ఉన్నది నా పాత కంపెనీ సిమ్ నంబరు, రాజీనామా రోజే తిరిగిచ్చేశాను. మెసేజ్ పంపామని వాళ్లంటారు, నాకు రాలేదని నేనంటాను. మెయిల్ ఒకటి మాత్రం వచ్చింది, ఆఫర్ల మెయిల్స్ మధ్యలో. నంబరు మార్చకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. ఆ తప్పుకి 3,540 అంటే మాత్రం ఒప్పుకోలేను.

మారతహళ్లి బ్రిడ్జి
నా అభిప్రాయం వేరు, తిట్టుకోకండి. అకౌంట్ తెరిచేటప్పుడు ఇంత బ్యాలెన్స్ ఉంచుతానని సంతకం పెట్టాం. హోటల్లో కూర్చుని రేటు ఎక్కువంటే కుదరదు కదా, మెనూ చూసి వెళ్లాలి. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మెట్రోల్లో కొత్త అకౌంట్లకు నెల సగటు 50,000 ఉండాలంది. జనం గోల చేశారు, కొద్ది రోజుల్లోనే 15,000కి దించింది. మినిమమ్ ఎంత పెట్టాలన్నది బ్యాంకుల ఇష్టమేనని రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా అప్పుడే చెప్పారు. మనం బ్యాంకు మారితే వాళ్లే దిగొస్తారు. అన్నీ ఫ్రీ అంటే ఆ ఖర్చు హోమ్ లోన్ కట్టేవాడి మీద పడుతుంది, అందులో నేనూ ఉన్నా.

కుందలహళ్లి గేట్
బ్రో, శాలరీ అకౌంట్ మనం ఎంచుకోలేదు. చేరిన రోజు హెచ్ఆర్ వాళ్లు ఫారం ముందు పెట్టారు, సంతకం పెట్టాం. అప్పుడది జీరో బ్యాలెన్స్. మెనూ తర్వాత మారింది.

ఇంకోటి, 2024 జులైలో పార్లమెంటులో చెప్పిన లెక్క. ఒక్క ప్రభుత్వ బ్యాంకులే ఐదేళ్లలో ఈ మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాల కింద దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయి. ప్రైవేటువి అందులో లేవు. ఈ డబ్బు ఎక్కువ బ్యాలెన్స్ ఉన్నవాళ్ల దగ్గర నుంచి ఒక్క రూపాయి రాలేదు, రాదు కూడా.

చిక్‌పేట చీరల కొట్టు
మీరంతా సేవింగ్స్ గురించి మాట్లాడుతున్నారు, నాది కరెంట్ అకౌంట్. వడ్డీ ఒక్క పైసా రాదు, రూలే అది. మినిమమ్ ఉంచాలి, నెలకింత దాటి క్యాష్ కడితే వెయ్యికి ఇంత అని కోత, పేమెంట్ వచ్చిందని అరిచే డబ్బాకి నెల అద్దె. వ్యాపారం కదా, ఖర్చుల్లో రాసుకుంటాం. దానికి నాకు బాధ లేదు.

బాధ ఎక్కడంటే, 2025 జులైలో ఇక్కడ యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న కొట్లకు జీఎస్టీ నోటీసులు వచ్చాయి గుర్తుందా? కూరగాయల బండ్లు, బేకరీలు, అందరూ క్యూఆర్ కాగితాలు పీకేసి ‘నో యూపీఐ, క్యాష్ మాత్రమే’ అని రాసి పెట్టారు. మా సందులోనూ అంతే. జనం క్యాష్ ఇచ్చారు, మేము క్యాష్ బ్యాంకులో కట్టాం, లిమిట్ దాటిందని బ్యాంకు కోసింది. సాయంత్రం ఆరింటికి నోట్లు లెక్కపెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పొద్దున్నే లైన్లో నిలబడి కట్టింది మేము. లెక్కపెట్టే కూలి వాళ్లకి. ఇది ఏ లెక్కలో రాసుకోవాలి?

చింతామణి అమ్మాయి
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మ గార్మెంట్స్‌లో పనిచేస్తుంది, కుట్టు మిషన్ మీద. మాది చింతామణి దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. అమ్మ పదకొండేళ్లలో నాలుగు ఫ్యాక్టరీలు మారింది. మారిన ప్రతిసారీ ఫ్యాక్టరీవాళ్లు వాళ్ల బ్యాంకులో కొత్త అకౌంట్ తెరిపిస్తారు. పాతది మూయమని ఎవరూ చెప్పరు. ఇంట్లో నాలుగు పాస్‌బుక్కులు ఉన్నాయి, ఒక ప్లాస్టిక్ కవర్లో, రేషన్ కార్డుతో కలిపి.

కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే గృహలక్ష్మి రెండు వేలు ఈ మధ్య రాలేదని అమ్మ అంటూ వచ్చింది. చివరికి తెలిసింది, అది ఆధార్ లింకైన పాత ఫ్యాక్టరీ అకౌంట్లో పడుతోంది. ఆదివారం కవర్ విప్పి ఆ పాస్‌బుక్కు తీశాం, సోమవారం ప్రింట్ వేయించాను. ఒకే తేదీన నాలుగు వరుసలు. మొదటిది జమ 2,000. కింద 354. దాని కింద 354. దాని కింద ఇంకో 354. మిగిలింది 938.

అమ్మకు చదవడం రాదు, అంకెలు తెలుసు. ఆ మూడు 354ల మీద వేలు పెట్టి ‘ఇవి ఎవరు తీసుకున్నారు?’ అంది. నేను ‘బ్యాంకువాళ్లు’ అన్నాను. ‘నేను వాళ్లకి బాకీ ఉన్నానా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటి ఆడమనిషికని గవర్నమెంటు ఇచ్చిన డబ్బు అది.

మారతహళ్లి బ్రిడ్జి
అక్కా, నేను పైన రాసిన మెనూ మాట మీ అమ్మగారి విషయంలో చెల్లదు. వెనక్కి తీసుకుంటున్నా.

రిటైర్డ్ క్యాషియర్, విద్యారణ్యపుర
అమ్మా, ఇది సరిచేయొచ్చు. చార్జీ వేస్తే మైనస్ అవుతుంది కాబట్టి ఖాళీ అకౌంట్లో వేయకుండా బాకీగా రాసిపెట్టి, డబ్బు పడగానే లాగేస్తారు. కౌంటర్లో ఉన్నప్పుడు నా కళ్లతో చూశాను ఇలాంటివి, కంప్యూటర్ తనంతట తానే చేసేస్తుంది, మాకూ చేతకాదు. అప్పుడు అనుకునేవాణ్ణి, ఈ మనిషికి ఎవరైనా ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అని.

మీరు చేయాల్సింది ఇది. ఆ బ్రాంచికి వెళ్లి ఈ అకౌంట్‌ని బేసిక్ సేవింగ్స్ అకౌంట్‌గా మార్చమని చీటీ రాసివ్వండి. 2012 నుంచి ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే, పేదవాళ్లకే అని కూడా లేదు, ఎవరైనా అడగొచ్చు. మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, కార్డు ఫ్రీ, నెలకు కనీసం నాలుగు విత్‌డ్రాలు ఫ్రీ. ఒక షరతు, అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ అకౌంట్ ఉండకూడదు. కోసిన డబ్బు తిరిగివ్వమని రెండో చీటీ వేరేగా ఇవ్వండి. రెండింటి మీదా సీలు, తేదీ వేయించుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మిగతా మూడు అకౌంట్లు అవసరం లేకపోతే మూయించేయండి. మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాని స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే తీసేసింది, మన బెంగళూరు హెడ్డాఫీసు కెనరా బ్యాంకు 2025 జూన్ 1 నుంచి ఎత్తేసింది, ఆ వెనకే ఇండియన్ బ్యాంక్. తీసేసినవాళ్లు ఎవరూ మూతపడలేదు. నేను వాదించేది అందుకే.

బీటీఎం పీజీ
పోస్టాఫీసు కూడా ఉంది అంకుల్. 500 ఉంటే చాలు, వడ్డీ 4 శాతం. మా అమ్మమ్మకి అదే.

చింతామణి అమ్మాయి
అప్‌డేట్. నిన్న సగం రోజు సెలవు పెట్టి అమ్మని తీసుకెళ్లాను. సార్ చెప్పినట్టే రెండు చీటీలు, కన్నడంలో రాశాను. కౌంటర్లో మొదట ‘సిస్టమ్ కట్ చేసింది, మా చేతిలో లేదు’ అన్నారు. సీలు వేసివ్వండి చాలు అన్నాను. లోపలికి పిలిచారు. మేనేజర్ పాస్‌బుక్కు చూసి, అమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉంటే ‘కూర్చోండమ్మా’ అన్నారు. అకౌంట్ బేసిక్‌గా మారుస్తామన్నారు. 708 తిరిగి వేస్తామన్నారు, మూడోది పైవాళ్లని అడగాలట.

ఈరోజు మధ్యాహ్నం 708 పడింది. అమ్మ ఫ్యాక్టరీలో ఫోన్ లోపలికి రానివ్వరు, సాయంత్రం చెప్పాలి.

కుందలహళ్లి గేట్
చాలా సంతోషం అమ్మా. నేను కూడా రేపు చీటీ ఇస్తున్నా. సార్, అకౌంట్ పాత కంపెనీ బ్రాంచిలో ఉంది, ఎలక్ట్రానిక్ సిటీలో. ఇక్కడ దగ్గర్లో ఉన్న అదే బ్యాంకు బ్రాంచిలో ఇచ్చినా తీసుకుంటారా?

రిటైర్డ్ క్యాషియర్, విద్యారణ్యపుర
ఫిర్యాదు ఏ బ్రాంచిలో ఇచ్చినా తీసుకోవాలి. మేం తీసుకోం అంటే మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తెచ్చుకోండి. ముందు ఫోన్ నంబరు మార్పించండి.