అప్‌డేట్: బోర్డర్ కోలీ వద్దనుకున్నాం

మూడు నెలల కిందట అడిగాను: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, ఇద్దరం ఉద్యోగస్తులం, ఆరేళ్ల పాప, మాకు బోర్డర్ కోలీ జాతి కుక్కపిల్ల సరిపోతుందా అని. ముందు అదే జాతిలో ఎదిగిన కుక్కతో కొన్నాళ్లు గడిపి చూడమన్నారు చాలామంది. ఆ మాట విన్నందుకు ఇప్పుడు ఎంత ఊరటగా ఉందో!

ఊరెళ్తున్న స్నేహితురాలి రెండేళ్ల కోలీని పది రోజులు ఉంచుకున్నాం. పొద్దున ఐదున్నరకే గంటసేపు తిప్పేదాన్ని. ఇంటికొచ్చి నీళ్లు తాగి, బంతి నోట కరుచుకుని మళ్లీ నా ఎదుటే నిలబడేది. నడకతో తీరేది కాదు, దానికి పని కావాలి. తిండి గింజలు తువ్వాల్లో చుట్టి వెతికిస్తేనే కాస్త కుదురుగా పడుకునేది.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలను మళ్లించడానికి పెంచిన జాతి ఇది. తల వంచి, రెప్పవేయకుండా చూస్తూనే మందను కదిలిస్తుంది. మా ఇంట్లో మంద అంటే పాపే. పాప పరిగెత్తితే చాలు, కోలీ చుట్టూ తిరిగి అడ్డగించేది. నాలుగో రోజు మడమ మీద పంటితో నొక్కింది. గాయం కాలేదు గానీ పాప బెదిరిపోయింది. కుక్క తప్పేమీ లేదు, దాని పని అది చేసింది.

పైగా ఒంటి నిండా రెండు పొరల బొచ్చు, మన ఎండలు.

గత వారం షెల్టర్ నుంచి నాలుగేళ్ల నాటు కుక్కను తెచ్చుకున్నాం. సాయంత్రం ఒక షికారు చాలు. పాప దానికి సున్నుండ అని పేరు పెట్టింది.