లారీల మీద రోడ్డు పన్ను పెంచితే డ్రైవర్లు సమ్మె చేయడం న్యాయమేనా? జనం ఎటు వైపు ఉండాలి?

నిలకడ:
అందరికీ నమస్తే. ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా. రోడ్డు పన్ను పెంచారని లారీలు ఆపేసినప్పుడల్లా సగం మంది "వాళ్ళు కదలకపోతే మనకి సరుకెక్కడిది, పాపం" అంటారు, మిగతా సగం "రోడ్లు పాడుచేసేది వాళ్ళే కదా, కట్టనివ్వండి" అంటారు, నాకేమో రెండూ నిజమే అనిపిస్తాయి. రష్యాలో 2015 నవంబర్‌లో ప్లాటన్ అని పెట్టారు, 12 టన్నులు దాటిన లారీ ఫెడరల్ హైవే ఎక్కితే కిలోమీటరుకి 1.53 రూబుళ్ళు. దాంతో చాలా చోట్ల లారీలు ఆగిపోయాయి, మాస్కో పక్కన ఖిమ్కీలో అయితే బండ్లు పెట్టుకుని ఆ చలిలో నెలల తరబడి కూర్చున్నారు. ఫ్రాన్స్‌లో 2013లో లారీల మీద ఎకోటాక్స్ అని కొత్త పన్ను వేస్తామంటే బ్రిటనీ ప్రాంతం వాళ్ళు ఎర్ర టోపీలు పెట్టుకుని రోడ్డెక్కి, పన్ను లెక్కేసే కెమెరా గేట్లకి నిప్పు పెట్టారు, చివరికి ప్రభుత్వమే తగ్గింది. జర్మనీలో మాత్రం ఇలాంటిదే 2005 నుంచి నడుస్తోంది. ఒకచోట కట్టి ఇంకోచోట తిరగబడ్డారంటే తేడా ఎక్కడుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

తూకంరాయి:
పన్ను ఎందుకు వేస్తారో ముందు అది చూడాలండి. 1950ల చివర్లో అమెరికాలో ఇల్లినాయ్‌లో రోడ్డు వేసి దాని మీద రకరకాల బరువుల లారీలు రెండేళ్ళ పాటు తిప్పి చూశారు, ఆషో రోడ్ టెస్ట్ అంటారు. తేలిందేంటంటే యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే డ్యామేజీ రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. అంటే 10 టన్నుల యాక్సిల్ ఒక్కసారి వెళ్తే 1 టన్ను యాక్సిల్ దాదాపు 10,000 సార్లు వెళ్ళినట్టు. కారువాళ్ళు కట్టే డబ్బుతో లారీ చేసిన గుంటలు పూడ్చడం ఏం న్యాయం? నా మటుకు నేను లారీలు ఎక్కువ కట్టాలనే అంటాను. కాకపోతే అదే లెక్క ప్రకారం పన్ను యాక్సిల్ బరువుని బట్టి ఉండాలి. అదే సరుకు ఎక్కువ యాక్సిళ్ళ మీద పంచుకుని పోయే బండికి తక్కువ పడాలి, ఓవర్‌లోడ్ వేసేవాడికి వాచిపోవాలి. కిలోమీటరుకి ఇంత అని అందరికీ ఒకటే గీత గీస్తే జాగ్రత్తగా నడిపేవాడికే అన్యాయం.

గేరుబాక్స్:
తూకంరాయి గారు మీ లెక్క కరెక్టే, కానీ ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో కూడా చూడండి సార్. మాది ఓనర్ కమ్ డ్రైవర్ బతుకు. కిరాయి మేం పెట్టం, సరుకు కంపెనీ వాడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఇస్తాడు, వాడు బ్రోకర్‌కి ఇస్తాడు, బ్రోకర్ తన కమీషన్ తీసుకుని మిగిలింది మాకు చెప్తాడు, నచ్చకపోతే పక్కన ఇంకో బండి రెడీగా ఉంటుంది. డీజిల్ కొట్టించాలి, టైర్లు చూసుకోవాలి, ఫైనాన్స్ కిస్తీ తేదీకి పడాలి. ఇంక పన్ను పెరిగిన రోజు కిరాయి పెరగదు కదా, ఆ తేడా మొత్తం మా మీదే. అది చాలదన్నట్టు రిటర్న్ లోడు దొరక్క ఖాళీగా వచ్చినా కిలోమీటర్లు తిరుగుతూనే ఉంటాయి, ప్లాటన్‌లో లోడు ఉన్నా లేకున్నా రేటు ఒకటే.

ఇంకోటి, రష్యాలో వాళ్ళు మండిపోయింది ఒక్క రేటు మీదే కాదు. కట్టకపోతే కంపెనీలకి మొదటిసారి ఫైన్ 4,50,000 రూబుళ్ళు అన్నారు, గోల అయ్యాక నెల తిరక్కుండానే 5,000కి దించారు. అంటే మొదటి అంకె ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదనే కదా? పైగా ఆ సిస్టమ్ నడిపే ప్రైవేటు కంపెనీలో అప్పట్లో వాటా ఉన్నది పుతిన్‌కి చిన్ననాటి జూడో స్నేహితుడి కొడుకు ఇగోర్ రోటెన్‌బర్గ్‌కి. రోడ్డు కోసం అని తీసుకున్నది రోడ్డుకే పోతుందన్న నమ్మకం లేనప్పుడు ఎవడు ఇష్టంగా కడతాడు చెప్పండి.

పక్కసీటు:
జనం ఎటు అన్న ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తా. బ్రిటన్‌లో 2000 సెప్టెంబర్‌లో ఇంధనం మీద పన్ను ఎక్కువైందని లారీవాళ్ళు రైతులు కలిసి రిఫైనరీల దగ్గర అడ్డం కూర్చున్నారు. బంకులు ఎండిపోయినా మొదట్లో జనం వాళ్ళ వైపే ఉన్నారు ఎందుకంటే ఆ పన్ను కారున్న ప్రతివాడూ కడుతున్నాడు. ఆసుపత్రుల దాకా ఇబ్బంది వచ్చేసరికి మాత్రం వాళ్ళే ఆపేశారు, అది తెలివైన పని, ఇంకో వారం లాగి ఉంటే ఆ జనమే తిట్టేవాళ్ళు. తర్వాత నవంబర్‌లో లారీల పన్ను తగ్గిస్తున్నట్టు ప్రకటించారు కూడా.

న్యూజిలాండ్ సంగతి వేరే. అక్కడ డీజిల్ బండ్లు బరువుని బట్టి కిలోమీటర్లు ముందే కొనుక్కోవాలి, తూకంరాయి గారు అడిగిన పద్ధతి దాదాపు అదే. పద్ధతిని ఎవరూ కాదనలేదు. కానీ 2008 జూలైలో ముందు చెప్తామన్న మాట తప్పి రాత్రికి రాత్రి రేటు పెంచేశారు. చెప్తే అందరూ పాత రేటుకి ముందే కొనేసుకుంటారని ప్రభుత్వం వాదన. మూడు రోజులు తిరిగేలోపు లారీలన్నీ ఊళ్ళలోకి వరసకట్టి వచ్చాయి, ఒక పూటలో ముగించుకుని వెళ్ళిపోయారు, దారి పొడుగునా జనం చేతులూపారు. కాబట్టి నన్నడిగితే అంబులెన్స్‌కి దారిచ్చి, ఎన్ని గంటలకి అయిపోతుందో ముందే చెప్పి చేసే సమ్మె వైపు నిలబడతా, ఊరికి సరుకే ఆపేస్తామంటే మాత్రం నిలబడను. మందుల కోసం ఎదురుచూసేవాడు పన్ను వేసినవాడు కాదు కదా.

నిలకడ:
థాంక్స్ అండి అందరికీ. గేరుబాక్స్ అన్నా, మరి జర్మనీలో ఓనర్ డ్రైవర్లు ఎలా తట్టుకున్నారు? వాళ్ళకి బ్రోకర్లు లేరా?

గేరుబాక్స్:
ఉంటారు తమ్ముడూ, కానీ అక్కడ ఈ కిలోమీటర్ల పన్నుని మౌట్ అంటారు, కిరాయి బిల్లులో అది విడిగా ఒక లైన్‌గా వేయడం మామూలైపోయింది, సరుకు పంపేవాడికి కనిపిస్తుంది, బేరం కిరాయి మీదే కానీ దాని మీద తక్కువ. అందుకే ఇన్నేళ్ళు సాగింది. అయినా 2023 డిసెంబర్‌లో దానికి కార్బన్ ఛార్జి కలిపి బాగా పెంచేసరికి వాళ్ళు కూడా 2024 జనవరిలో రైతుల ట్రాక్టర్లతో పాటు బెర్లిన్‌లో లారీలు పెట్టారు. కాబట్టి నేను అడిగేది పన్ను తీసేయమని కాదు. పెంచేటప్పుడు కొన్ని నెలల ముందు చెప్పండి, పెరిగినంతా సరుకు యజమాని కిరాయికి కలిపి ఇవ్వాలని రూల్ రాయండి, ఖాళీ బండికి సగం రేటు పెట్టండి. ఈ మూడూ రాసిచ్చిన రోజు నా బండి సమ్మెలో ఉండదు.

తూకంరాయి:
ఖాళీ బండికి సగం కాదన్నా, నా లెక్క ప్రకారం అంతకంటే చాలా తక్కువే పడాలి. దాని మీద మీతో కలిసి నేనూ అడుగుతా.